స్టాపు, స్టాండు, స్టేషను, డిపో

హైదరాబాదు మియాపూర్ చౌరస్తాలో పొద్దున ఎనిమిదిన్నరకు ఎవరినైనా ఆపి దారి అడిగి చూడండి. "బస్ స్టాపా? అదిగో ఆ షాపుల ముందర. ఆటో స్టాండు మెట్రో మెట్ల కింద. స్టేషను పైన. డిపోకైతే లోపలికి పోవాలె" అని ఒక్క ఊపిరిలో చెప్పేస్తారు. చెప్పింది పూలమ్మే ఆవిడ కావచ్చు, బడి మానేసి ముప్పై ఏళ్ళయిన ఆటో ఆయన కావచ్చు. ఆ నాలుగూ ఇంగ్లీషు నామవాచకాలు. నాలుగింటికీ తెలుగులో అర్థం రాయమంటే మనలో చాలామంది "బండ్లు ఆగే చోటు" అని రాసి ఊరుకుంటాం. అయినా ఎవరూ తడబడరు. ఆటో స్టేషను అని గానీ మెట్రో స్టాప్‌లో టోకెన్ కొన్నానని గానీ ఎవరి నోటా రాదు.

ఎందుకు తడబడరో ఒక్క నిమిషం ఆలోచించండి, ఈ అధ్యాయానికి కావలసిన సరుకంతా అందులోనే ఉంది. స్టాపులో బస్సు అర నిమిషం ఆగి వెళ్ళిపోతుంది, మనమే దాని కోసం కాచుకోవాలి. స్టాండులో ఆటోనే మన కోసం కాచుకుని ఉంటుంది. స్టేషనుకు టికెట్టు, గేటు, ప్లాట్‌ఫారం ఉంటాయి. డిపోలో బండి రాత్రి పడుకుంటుంది, రిపేరవుతుంది, ప్రయాణికుడికి అక్కడ పనే లేదు. మనం ఈ మాటలను అర్థాలుగా బట్టీ పట్టలేదు. ఏ మాట వింటే ఏం చెయ్యాలో, ఎక్కడ నిలబడాలో, ఎవరు ఎవరి కోసం ఆగాలో చూసి నేర్చుకున్నాం.

2017 నవంబరు 28న మెట్రోను ప్రధానమంత్రి ప్రారంభించింది ఈ మియాపూర్‌లోనే. మర్నాటి నుంచి జనం ఎక్కారు. నాగోలు దాకా ముప్పై కిలోమీటర్లు. అప్పటిదాకా మనకు తెలిసినవి బోగీ, కంపార్ట్‌మెంటు, టికెట్టు. మెట్రోతో పాటు కోచ్, టోకెన్, ఇంటర్‌చేంజ్ దిగాయి. కొన్నాళ్ళకే మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్, ఊరి నుంచి వచ్చిన వాళ్ళ బావమరిదికి "అమీర్‌పేటలో ఇంటర్‌చేంజ్ అయితది, ముందు కోచ్‌లో ఎక్కకు, అది ఆడోళ్ళది" అని వివరిస్తున్నాడు. నిఘంటువు తెరిచిన పాపాన పోలేదు.

మరి అదే మనిషి, అంటే మనమే, రోడ్డు మీద ఇంత చురుగ్గా ఉన్నవాళ్ళం, ఆఫీసులో హెడ్‌సెట్ పెట్టుకోగానే ఎందుకు బోల్తా పడతాం?

నా సంగతే చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి అమెరికా క్లయింటుతో కాల్. ఆయన డిజైన్ చూపించడం అయిపోగానే నేను ఎంతో వినయంగా "ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ డిజైన్" అన్నాను. అవతల నిశ్శబ్దం. తరవాత ఆయన ఐదు నిమిషాల పాటు తన డిజైన్ ఎందుకు సరైనదో, తాను ఇలాంటివి ఎన్ని చేశాడో చెప్పుకుంటూ పోయాడు. గొంతులో కాస్త ఉక్రోషం. నాకు కావలసింది చాలా చిన్న విషయం: తేదీ వేసేచోట నెల ముందా, రోజు ముందా? కాల్ అయ్యాక మా మేనేజరు "ఆయన్ని అంత మాట ఎందుకన్నావయ్యా" అంటే నేనేమన్నానో నాకే తెలియలేదు.

ఆ 'డౌట్' నాకు బడిలో అంటుకుంది. మీకూ అక్కడే అంటుకుని ఉంటుంది. పాఠం చివర మాస్టారు "ఎనీ డౌట్స్?" అంటే అడగాల్సినవి అడగమని. మన దేశపు ఇంగ్లీషులో అది తప్పు కూడా కాదు, మన మధ్య చక్కగా నడిచే నాణెమే. దేశం దాటి వెళ్ళినప్పుడే చెల్లదు. అవతలి దేశం వాళ్ళకు 'డౌట్' అంటే నమ్మకం కుదరకపోవడం. తెలుగులోనే చూడండి. సందేహం అడుగుతాం, సందేహం తీర్చుకుంటాం. అనుమానం అడగం, అనుమానం పడతాం. మాస్టారి దగ్గరికి వెళ్ళి "నాకో సందేహం" అంటే కూర్చోబెట్టి చెబుతారు. "మీ లెక్క మీద నాకు అనుమానం" అంటే? నేను సందేహం అనుకుని అన్నది క్లయింటు చెవికి అనుమానంగా చేరింది.

ఆ రాత్రి నుంచి నేను వాడుతున్న కొలబద్ద ఒకటుంది. ఒకేలా కనిపించే రెండు నామవాచకాల మధ్య ఎటూ తేలనప్పుడు "దీని అర్థమేమిటి" అని అడగను. "ఈ మాట వినగానే అవతలి మనిషి ఏం చేస్తాడు" అని అడుగుతాను. 'క్వశ్చన్' అంటే జవాబు చెబుతాడు. 'డౌట్' అంటే తనను తాను సమర్థించుకుంటాడు. 'కన్సర్న్' అంటే ఏదో చెడిపోతుందని నేను భయపడుతున్నానని గ్రహించి, ధైర్యమైనా చెబుతాడు, ప్లానైనా మారుస్తాడు. 'ఇష్యూ' అంటే బాగు చెయ్యడానికి మనిషిని వెతుకుతాడు. నాకు వాటిలో ఏది కావాలి? జవాబు కావాలి. అయితే క్వశ్చన్. ఇంతే. స్టాపా స్టాండా అన్నట్టే.

నిఘంటువును తిట్టడం నా ఉద్దేశం కాదు. బ్రౌన్ దొర నిఘంటువులైనా, మన ఇళ్ళలో అట్టలు ఊడిపోయేదాకా వాడిన శంకరనారాయణ నిఘంటువైనా చేసిన మేలు తక్కువది కాదు. కాకపోతే ఒక భాష మాటకు ఇంకో భాష మాటను ఎదురుగా పెట్టే పుస్తకానికి ఒక ఇబ్బంది తప్పదు. 'ఎర్రర్' దగ్గర తప్పు, 'మిస్టేక్' దగ్గర తప్పు, 'ఫాల్ట్' దగ్గరా తప్పు అని చూశాక, మూడూ ఒకటేనని మనసు ముద్ర వేసేసుకుంటుంది. నేర్చుకునేవాళ్ళ బాధ తెలిసి నిఘంటువు రాసిన మనిషి హార్న్‌బీ. జపానులో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ, అక్కడి విద్యార్థులు ఎక్కడెక్కడ జారిపడుతున్నారో చూసి, తోటివాళ్ళతో కలిసి తయారు చేసిన ఆ పుస్తకం 1942లో టోక్యోలో అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ ముద్రగా వచ్చింది. మాటకు అర్థంతో పాటు అది లెక్కపెట్టే మాటా కాదా, ఎలాంటి వాక్యంలో ఇముడుతుంది అని కూడా చెప్పింది. 1987లో వచ్చిన కోబిల్డ్ నిఘంటువు ఇంకో అడుగు వేసింది. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ బృందం లక్షల కొద్దీ నిజమైన వాక్యాలను కంప్యూటర్లో పోగేసి, ఏ మాట ఏ మాటల పక్కన తిరుగుతోందో చూసి రాసింది. ఎవరి పక్కన తిరుగుతాడో చూసి మనిషిని అంచనా కట్టే అలవాటు మన అమ్మమ్మలకు ఎప్పటి నుంచో ఉంది, పండితులు మాటల విషయంలో కాస్త ఆలస్యంగా మొదలుపెట్టారు. ఇంగ్లీషు నేర్పేవాళ్ళకు నేర్పడానికి 1958లో పెట్టిన సంస్థ మన హైదరాబాదులోనే ఉంది, తార్నాక పక్కన. ఇప్పుడు దాన్ని ఇఫ్లూ అంటున్నాం. మనం మాత్రం దాన్ని దాటుకుని అమీర్‌పేటలో 'ముప్పై రోజుల్లో ఇంగ్లీషు' బోర్డులు వెతుక్కుంటూ పోయాం.

పక్కన తిరిగే మాటల్లో ముందు చూడవలసింది క్రియను. తెలుగులో 'చెయ్యి' మహా ఉదారమైన క్రియ. పని చేస్తాం, తప్పు చేస్తాం, ఫోన్ చేస్తాం, స్నానం చేస్తాం, పెళ్ళి కూడా చేస్తాం. ఈ ఔదార్యం ఇంగ్లీషుకు లేదు. టాస్క్‌ను 'డూ' చేస్తారు, మిస్టేక్‌ను 'మేక్' చేస్తారు, ఫోన్ కాల్‌నూ 'మేక్' చేస్తారు, బాత్ మాత్రం 'టేక్', డెమో అయితే 'గివ్'. "ఐ డిడ్ ఎ మిస్టేక్" అని మన నోట వచ్చిందంటే లోపల "తప్పు చేశాను" అని తెలుగు వాక్యం నడుస్తోందన్న మాట. కాబట్టి నోటు పుస్తకంలో 'మిస్టేక్' అని ఒంటరిగా రాసుకోకండి. 'మేక్ ఎ మిస్టేక్' అని జంటగా రాసుకోండి. పెళ్ళి పత్రికలో ఒక్కరి పేరే వేయించం కదా.

ఇక ప్రయాణం. దీనికి మియాపూర్ కంటే మంచి బడి లేదు. సాయంత్రం ఏడు దాటాక విజయవాడ, రాజమండ్రి, తిరుపతి వెళ్ళే ప్రైవేటు బస్సుల కోసం సూట్‌కేసులతో రోడ్డు పక్కన నిలబడే జనాన్ని చూస్తే సగం పాఠం అక్కడే వచ్చేస్తుంది. వాళ్ళ ఫోన్లో ఉన్న టికెట్టు మీద 'డేట్ ఆఫ్ జర్నీ' అని ఉంటుంది. జర్నీ అంటే ఇక్కడ ఎక్కి అక్కడ దిగడం. దారి, సమయం, అలసట, అన్నీ అందులోనివే. అక్కడిదాకా తీసుకొచ్చిన క్యాబ్ వాడి యాప్‌లో అది 'ట్రిప్'. స్నేహితులంతా కలిసి అరకు పోయి వస్తే అదీ ట్రిప్పే, పని చూసుకుని తిరిగి రావడం అందులో దాగి ఉంటుంది. అందుకే ట్రిప్ అనగానే "ఎప్పుడు తిరిగొస్తావు" అని, జర్నీ అనగానే "ఎంతసేపు పట్టింది" అని అడుగుతారు. వరసగా నాలుగు ఊళ్ళు తిప్పితే టూర్. 'ట్రావెల్' వీటన్నిటికీ పెద్ద గొడుగు. ఆఫీసులో ట్రావెల్ అలవెన్సు ఉంటుంది, ట్రావెల్ పాలసీ ఉంటుంది. కానీ "ఐ హాడ్ ఎ గుడ్ ట్రావెల్" కుదరదు, ఎందుకంటే ఆ మాట ముందు 'ఎ' నిలవదు. మనవాళ్ళు దానికి ఒక 'స్' తగిలించి బస్సు కంపెనీకి పేరు పెట్టేశారు. "ట్రావెల్స్ బస్సుకు పోతున్నా" అన్నది నికార్సయిన తెలుగు వాక్యం, దాన్ని అట్లాగే ఉంచుకుందాం, ఎగుమతి చెయ్యకుండా.

రోజూ ఆఫీసుకు పోయి రావడాన్ని 'కమ్యూట్' అంటారు. మనకు దీనికి ఒక్క మాట లేదు, బాధ మాత్రం నిండుగా ఉంది. మియాపూర్ నుంచి మెట్రోలో రాయదుర్గం పోవాలంటే అమీర్‌పేట దాకా వెళ్ళి, రైలు మారి, మళ్ళీ పడమటికి రావాలి. ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు. ఆలస్యమైన రోజు "మై జర్నీ వాజ్ బ్యాడ్" అంటే ఏ ఊరి నుంచి వస్తున్నావని అడుగుతారు. "మై కమ్యూట్" అంటే అర్థం చేసుకుని ఊరుకుంటారు.

లెక్క పెట్టే మాటలు, పెట్టకూడని మాటలు అనే గొడవ చాలామందిని భయపెడుతుంది. భయం అక్కర్లేదు, మనమూ తక్కువ వింతవాళ్ళం కాదు. తెలుగులో పాలు పొంగుతాయి, నీళ్ళు వస్తాయి, బియ్యం అయిపోతాయి. ఒక్క చుక్క మిగిలినా నీళ్ళు బహువచనమే. ఎందుకని ఏ ఇంగ్లీషువాడైనా అడిగితే మన దగ్గర జవాబు లేదు. అలాగే అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫీడ్‌బ్యాక్, ఎక్విప్‌మెంట్, సాఫ్ట్‌వేర్, ప్రోగ్రామర్లు రాసే కోడ్, వీటికి చివర 'స్' ఎందుకు చేరదని వాళ్ళను అడిగినా అంతే. ఒకటి రెండు అని విడిగా చెప్పాల్సి వస్తే 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్' అంటారు. వంటింట్లో మనం చేసేదే ఇది: బెల్లం ముక్క, పసుపు కొమ్ము, వెల్లుల్లి రెబ్బ, కరివేపాకు రెమ్మ. వెల్లుల్లి రెమ్మ అని కొత్త కోడలు అంటే అత్తగారు నవ్వదూ?

ఈ జాబితాలో ఐటీ ఆఫీసులో ఎక్కువ దెబ్బ తీసేది 'వర్క్'. "ఐ హావ్ మెనీ వర్క్స్ టుడే" అంటే వినేవాడికి రోడ్డు మరమ్మతులో ఫ్యాక్టరీలో గుర్తుకొస్తాయి. వర్క్ రాశి. దాంట్లోంచి విడదీసి ఒకరికి అప్పగించిన తునక టాస్క్. నెలాఖరుకు జీతం ఇచ్చేది జాబ్. తమాషా ఏమిటంటే, డబ్బు దగ్గరికి వచ్చేసరికి మనవాళ్ళలో ఒక్కడూ పొరబడడు. ప్యాకేజీ, సీటీసీ, టేక్‌హోమ్, బోనస్, ఇన్సెంటివ్, ఇన్ని దగ్గరి చుట్టాల మధ్య తేడాను నిన్న చేరిన ఫ్రెషర్ కూడా నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ప్యాకేజీ అంటే పెళ్ళి సంబంధంలో చెప్పేది, టేక్‌హోమ్ అంటే ఈఎంఐ కట్టేది. ఏ మాట వెనక ఏం జరుగుతుందో తెలిసినప్పుడు బుర్ర దానంతట అదే పదును పెట్టుకుంటుంది.

తప్పు కుటుంబాన్ని కూడా ఇదే కొలబద్దతో చూడండి. 'మిస్టేక్' అంటే వెనక ఒక మనిషి ఉన్నాడు, "సారీ" రావాలి. 'ఎర్రర్' తెర మీద కనబడేది, దాని నంబరు అడుగుతారు. 'ఫాల్ట్' యంత్రానిదైతే లోపం, 'యువర్ ఫాల్ట్' అన్నారంటే ఇక నింద మొదలైనట్టే. 'బగ్' రాసినవాడి పేరు మీద పడుతుంది. కాబట్టి అర్ధరాత్రి సర్వరు ఆగిపోయినప్పుడు, కారణం ఇంకా తెలియకుండానే మెయిల్లో 'మిస్టేక్' అని రాసేస్తే, తెల్లారేసరికి ఎవరో ఒకరు బోనులో నిలబడాలి. ఆ ఒకరు మీరే కావచ్చు.

సపోర్టు టీముల్లో ఉన్నవాళ్ళకు ఇంకో జత ప్రాణం తీస్తుంది: ఇన్సిడెంట్, ప్రాబ్లం. బ్రిటన్ ప్రభుత్వం 1980ల్లో తయారు చేయించిన ఐటిల్ పద్ధతి నుంచి ఈ తేడా వచ్చింది. మా అపార్ట్‌మెంటు లిఫ్టుతో చెబితే తేలిక. నాలుగో అంతస్తు దగ్గర లిఫ్టు ఇరుక్కుంది, లోపల ఒక పెద్దావిడ, కూరగాయల సంచీ. అది ఇన్సిడెంట్. ముందు ఆవిడను బయటికి తీయాలి, కారణాల చర్చ తరవాత. వారానికోసారి లిఫ్టు అక్కడే ఎందుకు ఇరుక్కుంటోందన్నది ప్రాబ్లం. దానికి మెకానిక్ తీరిగ్గా వచ్చి మోటారు విప్పాలి. మామూలు ఇంగ్లీషులో రెండింటినీ ప్రాబ్లమే అనవచ్చు. సపోర్టు టికెట్టులో అనకూడదు, ఒకదానికి ఇచ్చే గడువు ఇంకోదానికి ఉండదు.

అన్ని జతల మీదా ఇంత ఆరాటం అక్కర్లేదని కూడా చెప్పాలి. హ్యాండ్, ఆర్మ్ రెండూ మనకు చెయ్యే, ఎక్కడ నొప్పో డాక్టరుకు వేలు పెట్టి చూపిస్తాం. ఫింగర్, టో రెండూ వేళ్ళే, చెప్పుల కొట్లో తప్ప పేచీ రాదు. మీకు నష్టం తెచ్చే జతలు ఓ ఇరవై ఉంటాయి. అవి ఎక్కడున్నాయో చెబుతాను: మీ మెయిల్లో 'సెంట్' ఫోల్డరులో. ఒక ఆదివారం కూర్చుని పోయిన మూడు నెలల్లో మీరు పంపినవి చదవండి. దేనికి అవతలివాడు "వాట్ డు యూ మీన్" అని రాశాడో, దేనికి మీరు అడగని సంగతి చెప్పాడో, అక్కడ ఒక నామవాచకం జారింది. తరవాత 'ఇన్‌బాక్స్'లో అదే మాటను వెతికి, ఆ భాషలో పుట్టినవాళ్ళు దాన్ని ఎలా వాడారో చూడండి. ముందు రెండు మాటలు, వెనక రెండు మాటలు కలిపి రాసుకోండి. ఒక్కో మాటకు మూడు వాక్యాలు చాలు. మీకు కోబిల్డ్ ఎందుకు, మీ ఇన్‌బాక్సే మీ కోబిల్డ్.

అప్పటికీ తేలకపోతే, కాల్ నడుస్తుండగా ఆలోచించే వ్యవధి లేకపోతే, నామవాచకాన్నే వదిలెయ్యండి. క్రియతో చెప్పండి. డౌటా క్వశ్చనా క్వైరీనా అని కొట్టుకునే బదులు "కెన్ ఐ ఆస్క్" అంటే పనయిపోతుంది. ఇష్యూనా బగ్గా అని తేల్చుకోలేనప్పుడు "ది పేజ్ స్టాప్డ్ లోడింగ్" అంటే చాలు, పేరు వాళ్ళే పెట్టుకుంటారు. తెలుగువాళ్ళకు ఈ దారి సులువు, మన వాక్యం బలమంతా చివరి క్రియలోనే కదా. మా టీములో ఖమ్మం నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఈ కిటుకుతోనే ఏడాది నెట్టుకొచ్చింది. ఇప్పుడు నామవాచకాలతో కూడా నన్నే ఓడిస్తోంది.

చివరి మెలిక ఒకటి మిగిలింది. కొన్ని ఇంగ్లీషు మాటలు మన దగ్గరికి ఎప్పుడో కాపురానికి వచ్చేశాయి. హోటల్ అంటే మనకు ఇడ్లీ, వాళ్ళకు మంచం. కరెంటు పోతుంది, కవర్లో కూరగాయలు తెచ్చుకుంటాం, బిర్యానీ పార్సిల్ కట్టిస్తాం. ఇవన్నీ ఇప్పుడు తెలుగు మాటలు. ఇంగ్లీషు వాక్యంలో తిరిగి కూర్చోబెడితే, పుట్టింటికి వచ్చి అత్తింటి యాసలో మాట్లాడే ఆడపడుచుల్లా ఉంటాయి. ఇవి జారేది మనకు తెలియకుండానే, ఎందుకంటే వీటిని వాడేటప్పుడు ఇంగ్లీషు మాట్లాడుతున్నామన్న స్పృహ కూడా ఉండదు.

నేనూ జారాను, ఇంత పాఠం చెబుతూ. కిందటేడు మా గృహప్రవేశానికి విదేశంలో ఉన్న టీము సభ్యుడికి కూడా మర్యాదకు మెయిల్ పెట్టాను, ఆదివారం మియాపూర్‌లో "ఎ స్మాల్ ఫంక్షన్" ఉందని. ఖమ్మం అమ్మాయి వెంటనే మెసేజ్ చేసింది: "అన్నా, ఫంక్షన్ అన్నావు. ఆయన ప్రోగ్రామరు." నేను సర్దుకునే లోపే ఆయన జవాబు వచ్చింది, నవ్వు బొమ్మతో. శుభాకాంక్షలు చెప్పి, "ఇంతకీ ఆ ఫంక్షన్ ఏం రిటర్న్ చేస్తుంది?" అని అడిగాడు.

రిటర్న్ గిఫ్టు, అని రాశాను. దాన్ని వివరించడానికి ఇంకో కాల్ పెట్టాల్సొచ్చింది.